నలుగురు కలిసి రాసే పేపర్‌ని కాన్ఫరెన్స్ డెడ్‌లైన్‌కి ఎలా సిద్ధం చేయాలి?

"డెడ్‌లైన్‌కి రెండు నెలలుంది. నలుగురం ఉన్నాం. ఆలోచన ఉంది, కొన్ని ఫలితాలూ ఉన్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలి?" రీసెర్చ్‌లోకి కొత్తగా వచ్చినవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. కొందరు ఆఖరి వారంలో అడుగుతారు: "అందరం రాత్రింబవళ్లు పని చేస్తూనే ఉన్నాం, పేపర్ మాత్రం ఒక రూపానికి రావడం లేదు, ఏం చేయాలి?"

రెండు ప్రశ్నలకీ మూలం ఒకటే. కాన్ఫరెన్స్ వాళ్లు ఇచ్చిన తేదీ అందరికీ గుర్తుంటుంది. దానికి పది రోజుల ముందు మీ గ్రూపు తనకు తానే పెట్టుకోవాల్సిన తేదీ ఒకటుంది, అది ఎవరూ పెట్టుకోరు. ఆ రోజు తర్వాత కొత్త ఎక్స్‌పెరిమెంట్ ఏదీ పేపర్‌లోకి రాకూడదు. దాన్ని ఇక్కడ 'ఫలితాల గడువు' అంటాను. కింది దశలన్నీ ఆ తేదీ చుట్టూ తిరుగుతాయి.

ఉదాహరణలు ఎక్కువగా కంప్యూటర్ సైన్స్‌వి. ఆ రంగంలో పూర్తి పేపర్‌నే కాన్ఫరెన్స్‌కి పంపి రివ్యూ చేయించుకుంటారు, గడువు తప్పితే ఇంకో కాన్ఫరెన్స్ కోసం నెలల తరబడి ఆగాలి. అబ్‌స్ట్రాక్ట్ (పేపర్ సారాంశం) మాత్రమే అడిగే రంగాల వాళ్లకి 2, 3, 6 దశలు చాలు.

ముందే దగ్గర ఉంచుకోవాల్సినవి

- కాల్ ఫర్ పేపర్స్ (పేపర్లు పంపమని కాన్ఫరెన్స్ ఇచ్చే ప్రకటన), ఆథర్ గైడ్‌లైన్స్, ఈ ఏడాది టెంప్లేట్. పోయినేడు ఎవరో వాడిన టెంప్లేట్ కాపీ చేసుకోకండి. మార్జిన్లు, హెడర్, తప్పనిసరి సెక్షన్లు ఏటా మారుతుంటాయి.
- అందరూ ఒకేచోట రాసే వీలు. లేటెక్‌లో (పేపర్లు టైప్‌సెట్ చేసే సాఫ్ట్‌వేర్) కలిసి రాసుకునే సైట్ ఓవర్‌లీఫ్ ఎక్కువమందికి సులువు. ఉచిత ఖాతాలో ఎంతమందిని కలుపుకోవచ్చో, కంపైల్‌కి ఎంత సమయం ఇస్తారో పరిమితులుంటాయి, మొదటి రోజే చూసుకోండి. అందరికీ గిట్ (ఫైళ్లలో మార్పుల చరిత్రని దాచే టూల్) అలవాటుంటే లేటెక్ ఫైళ్లని ఒక రిపాజిటరీలో పెట్టుకుని రాసుకోవచ్చు. వర్డ్ టెంప్లేట్ ఇచ్చే కాన్ఫరెన్స్ అయితే ఆన్‌లైన్‌లో షేర్ చేసిన ఒకే ఫైల్ వాడండి. 'ఫైనల్', 'ఫైనల్ 2', 'అసలు ఫైనల్' అంటూ మెయిల్‌లో ఫైళ్లు తిప్పుకోవడం మాత్రం వద్దు.
- ఒక షేర్డ్ షీట్. పనులకి ఒక ట్యాబ్, ఫలితాలకి ఒక ట్యాబ్.
- ప్రతి ఆథర్‌కీ సబ్మిషన్ సైట్‌లో ఖాతా. ఓపెన్‌రివ్యూ, ఈజీచెయిర్, హాట్‌సీఆర్‌పీ, సీఎంటీ... మీ కాన్ఫరెన్స్ ఏది వాడుతుందో చూడండి.

ఆ చివరిదాన్ని తేలిగ్గా తీసుకోకండి. ఓపెన్‌రివ్యూలో సంస్థ ఈమెయిల్ లేకుండా, అంటే జీమెయిల్ లాంటి దానితో, కొత్త ప్రొఫైల్ తెరిస్తే దాన్ని మనుషులు పరిశీలించి ఆమోదించాలి. దానికి రెండు వారాల దాకా పట్టవచ్చని ఆ సైట్ వాళ్లే చెబుతారు. చదువు అయిపోయి కాలేజీ మెయిల్ పోయిన కో-ఆథర్ ఒక్కరున్నా చాలు, ఆఖరి రోజున పేరు చేర్చలేక అందరూ ఇరుక్కుపోతారు. ఈ పని మొదటి వారంలోనే ముగించండి.

దశ 1: నియమాలు చదివి ఒక పేజీలో రాసుకోండి

ఒకరు కూర్చుని గైడ్‌లైన్స్ మొత్తం చదవాలి. చదివాక షీట్‌లో వీటికి జవాబులు రాయాలి:

అబ్‌స్ట్రాక్ట్ గడువు ఎప్పుడు, పేపర్ గడువు ఎప్పుడు, సప్లిమెంటరీ (పేపర్‌తో పాటు పంపే అదనపు ఫైళ్లు) గడువు ఎప్పుడు? చాలా కాన్ఫరెన్స్‌లలో అబ్‌స్ట్రాక్ట్ రిజిస్ట్రేషన్ పేపర్ గడువు కంటే కొన్ని రోజుల నుంచి వారం దాకా ముందుంటుంది. అది దాటిపోతే పేపర్ ఎంత బాగున్నా పంపే దారి ఉండదు. పేరుకి నాలుగు ముక్కలు రాసి పడేసిన అబ్‌స్ట్రాక్ట్‌లని తొలగిస్తామని హెచ్చరించే కాన్ఫరెన్స్‌లున్నాయి కాబట్టి ఆ రోజుకి నిజమైన అబ్‌స్ట్రాక్టే ఉండాలి.

పేజీలు ఎన్ని? ఐసీఎంఎల్ (మెషీన్ లెర్నింగ్), సీవీపీఆర్ (కంప్యూటర్ విజన్) కాన్ఫరెన్స్‌లలో ప్రధాన భాగం 8 పేజీలు. మెషీన్ లెర్నింగ్‌దే ఇంకో కాన్ఫరెన్స్ న్యూరిప్స్‌లో ఇటీవలి సంవత్సరాల్లో 9. భాషలని కంప్యూటర్‌తో విశ్లేషించే రంగపు కాన్ఫరెన్స్ ఏసీఎల్‌లో లాంగ్ పేపర్ 8, షార్ట్ పేపర్ 4. వీటిలో రిఫరెన్స్‌లు లెక్కలోకి రావు. వేరే కొన్ని కాన్ఫరెన్స్‌లలో వస్తాయి. మీ కాన్ఫరెన్స్ సంగతి అక్షరాలా చదివి రాసుకోండి.

తప్పనిసరి భాగాలేమిటి? ఏసీఎల్ పేపర్లలో 'లిమిటేషన్స్' సెక్షన్ లేకపోతే రివ్యూకి పంపకుండానే తిప్పికొడతారు. న్యూరిప్స్‌లో చెక్‌లిస్ట్ జతచేయకపోయినా అంతే.

పేరు దాచాలా, ఎంతవరకు? ఆర్కైవ్‌లో (arXiv, రివ్యూకి ముందే పేపర్లని, అంటే ప్రీప్రింట్లని, అందరికీ పెట్టే సైట్) ముందే పెట్టుకోవచ్చా? ఇలాంటి వాటిలో సీనియర్ల జ్ఞాపకం మీద ఆధారపడకండి. ప్రీప్రింట్ పెట్టడం మీద ఏసీఎల్ ఏళ్లపాటు అమలు చేసిన నిషేధ కాలాన్ని 2024 జనవరిలో ఎత్తేసింది. అంతకుముందు పేపర్లు రాసినవాళ్లు ఇప్పటికీ పాత నియమమే చెబుతుంటారు. అదే పేపర్‌ని ఇంకోచోట రివ్యూలో ఉంచడం, ఏఐ టూల్స్ వాడకం, గడువు తర్వాత ఆథర్ల పేర్లు మార్చడం, వీటి మీద నియమాలు కూడా అదే పేజీలో రాసుకోండి.

ఇక గడువు గంట. చాలా కాన్ఫరెన్స్‌లు 'ఏఓఈ' (ఎనీవేర్ ఆన్ ఎర్త్) అని రాస్తాయి. భూమ్మీద ఎక్కడైనా ఒకచోట ఆ తేదీ ఇంకా మిగిలి ఉన్నంతవరకు గడువున్నట్టే. లెక్క ప్రకారం అది యూటీసీ కంటే 12 గంటలు వెనక. అంటే 15వ తేదీ రాత్రి 11:59 ఏఓఈ అంటే యూటీసీలో 16వ తేదీ ఉదయం 11:59. కొన్ని కాన్ఫరెన్స్‌లు అమెరికా పసిఫిక్ టైమ్ ఇస్తాయి. అది శీతాకాలంలో యూటీసీ కంటే 8 గంటలు, వేసవిలో 7 గంటలు వెనక ఉంటుంది. మీ ఊరి సమయంలోకి మార్చి, ఇంకొకరితో సరిచూపించి, షీట్ పైన పెద్ద అక్షరాలతో రాయండి. గ్రూపు వేర్వేరు దేశాల్లో ఉంటే ఒక్కొక్కరి సమయం విడిగా రాయండి.

దశ 2: పేపర్ చెప్పేదేమిటో ఒక వాక్యంలో రాయండి

అందరూ విడివిడిగా రాయాలి, మాట్లాడుకోకుండా. "ఈ పేపర్ చదివినవాళ్లకి కొత్తగా తెలిసేది ఏమిటి?" పది నిమిషాలు చాలు. తర్వాత నాలుగు వాక్యాలూ పక్కపక్కన పెట్టండి.

ఒకరు "కొత్త డేటాసెట్" అని, ఇంకొకరు "వేగమైన పద్ధతి" అని, మూడోవారు "పాత పద్ధతులు ఎందుకు విఫలమవుతాయో విశ్లేషణ" అని రాశారనుకోండి. అంటే మీరు మూడు పేపర్లు రాస్తున్నారు. అది ఇప్పుడే బయటపడటం మంచిది. ఒకదాన్ని ఎంచుకోండి, మిగతావి దానికి తోడు ఉంటాయి లేదా తర్వాతి పేపర్‌కి వెళ్తాయి. ఒప్పందం కుదరకపోతే మొదటి ఆథర్ మాటే నెగ్గాలని ముందే అనుకోండి.

ఆ వాక్యం కింద అది నిజమని ఒప్పించడానికి కావాల్సిన ఆధారాలు రాయండి: ఏ టేబుల్, ఏ ఫిగర్, ఏ పోలిక. సాధారణంగా నాలుగైదు వస్తాయి. ఈ జాబితాలో లేని ఎక్స్‌పెరిమెంట్ ఎంత ఆసక్తిగా ఉన్నా దాని జోలికి వెళ్లొద్దు.

దశ 3: ఎవరి పని ఏమిటో, ఎవరి పేరు ఎక్కడో తేల్చుకోండి

మొహమాటం కొద్దీ చాలామంది వాయిదా వేసే దశ ఇదే. మొహమాటం ఈ రోజు పడితే పది నిమిషాల ఇబ్బంది. పేపర్ అయ్యాక పడితే స్నేహాలు పోతాయి.

రంగాన్ని బట్టి పద్ధతి వేరు. గణితంలో, థియరీ కంప్యూటర్ సైన్స్‌లో పేర్లు అక్షరక్రమంలో వేయడం మామూలు. ప్రయోగాల మీద నడిచే రంగాల్లో ఎక్కువ పని చేసినవారిది మొదటి పేరు, గైడ్‌ది సాధారణంగా చివరి పేరు. ఇద్దరి పని సమానమైతే 'ఈక్వల్ కాంట్రిబ్యూషన్' అని గుర్తు పెట్టుకోవచ్చు. ఎవరు ఏ రకం పని చేశారో పేరుపెట్టి చెప్పుకోవడం కష్టంగా ఉంటే 'క్రెడిట్' (CRediT) అనే వర్గీకరణ చూడండి. ఆలోచన, డేటా సేకరణ, సాఫ్ట్‌వేర్, మొదటి డ్రాఫ్ట్ రాయడం, పర్యవేక్షణ లాంటి 14 పాత్రలు అందులో ఉన్నాయి. షీట్‌లో ఆ పాత్రలకెదురుగా పేర్లు రాస్తే చర్చ మనుషుల మీది నుంచి పని మీదికి మళ్లుతుంది.

"పని వాటాలు మారితే ఫలితాల గడువు రోజున పేర్ల వరుస మళ్లీ ఒకసారి చూసుకుందాం" అని అందరూ ఒప్పుకుని రాసిపెట్టండి.

పనుల విషయంలో ఒకే నియమం: ప్రతి పనికీ ఒకే పేరు. సాయం ఎంతమందైనా చేయవచ్చు, అడిగితే జవాబు చెప్పాల్సింది ఒక్కరే. "రిలేటెడ్ వర్క్ మేమిద్దరం చూసుకుంటాం" అన్నారంటే అది ఎవరూ చూడరు. అందరి పనీ ఎవరి పనీ కాదు. సెక్షన్లతో పాటు ఈ చిన్నవాటికీ పేర్లుండాలి: రిఫరెన్స్‌ల శుద్ధి, ఫిగర్లు, సప్లిమెంటరీ, కోడ్‌లో పేర్లు తీసేయడం, సబ్మిట్ బటన్ నొక్కడం.

దశ 4: క్యాలెండర్‌ని వెనక నుంచి నింపండి

ఎనిమిది వారాలున్నాయనుకుని ఒక నమూనా ఇస్తున్నాను. గడువు రోజుని 0 అనుకోండి.

- 56 రోజుల ముందు: 1, 2, 3 దశలు పూర్తి. ఖాతాలు తెరిచారు.
- 42 రోజుల ముందు: ఖాళీల డ్రాఫ్ట్ సిద్ధం (దశ 5). ప్రధాన ఎక్స్‌పెరిమెంట్ ఒక్కసారైనా మొదటి నుంచి చివరిదాకా నడిచింది.
- 28 రోజుల ముందు: ముఖ్యమైన టేబుల్‌లో నిజమైన అంకెలు. "పంపుదామా, వద్దా" అనే మీటింగ్.
- 14 రోజుల ముందు: పేపర్ మొత్తం చదవగలిగే స్థితిలో ఉంది, లోపల ఎన్ని లోపాలున్నా సరే.
- 10 రోజుల ముందు: ఫలితాల గడువు.
- 7 రోజుల ముందు: బయటివాళ్ల చేతికి పేపర్. సాధారణంగా అబ్‌స్ట్రాక్ట్ గడువు కూడా ఈ చుట్టుపక్కలే.
- 3 రోజుల ముందు: వాక్యాలు, అచ్చుతప్పులు, పేజీల సర్దుబాటు తప్ప ఇంకేమీ మార్చరు.
- 1 రోజు ముందు: పంపేశారు.

నాలుగు వారాలే ఉంటే ముందున్న భాగాన్ని కుదించండి, చివరి పది రోజులని మాత్రం ముట్టుకోకండి. అందరూ చేసేది దీనికి తలకిందులుగా ఉంటుంది. ఎక్స్‌పెరిమెంట్లకి ఆలస్యమైన ప్రతి రోజునీ రాయడానికి ఉంచిన రోజుల్లోంచి తీసుకుంటారు. పుణ్యకాలం కాస్తా అలాగే గడిచిపోతుంది.

క్యాలెండర్‌లో సెలవులు, పరీక్షలు, ఇంట్లో శుభకార్యాలు, గైడ్ ప్రయాణాలు కూడా రాయండి. గైడ్ చివరి వారంలో ఊళ్లో లేకపోతే ఆయన చదవాల్సిన తేదీ ముందుకి జరగాలి. కంప్యూటర్ క్లస్టర్ వాడేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: పెద్ద డెడ్‌లైన్‌కి ముందు వారాల్లో అందరూ అదే జీపీయూల మీద పడతారు, క్యూ పెరుగుతుంది. మామూలుగా రెండు రోజులు పట్టే పనికి నాలుగు రోజులు వేసుకోండి.

గడువుకి 28 రోజుల ముందు ఉన్న మీటింగ్‌ని మనసు గట్టి చేసుకుని పెట్టుకోండి. ప్రధాన ఫలితం రాలేదంటే మూడు దారులు: చెప్పే విషయాన్ని తగ్గించుకోవడం, వర్క్‌షాప్‌కి పంపడం, తర్వాతి కాన్ఫరెన్స్‌కి మారడం. మూడూ గౌరవమైనవే. అరకొరగా పంపితే వచ్చే రివ్యూల వల్ల నేర్చుకునేది తక్కువ, రివ్యూయర్ల సమయమూ వృథా.

దశ 5: ఫలితాలు రాకముందే పేపర్ మొత్తం నిలబెట్టండి

"ఫలితాలు వచ్చాక రాద్దాం" అనే మాట వినడానికి సబబుగా ఉంటుంది, పేపర్లని ముంచేది కూడా అదే. టెంప్లేట్ తెరిచి అన్ని సెక్షన్ల పేర్లు పెట్టండి. ప్రతి పేరాకి ఒక్క వాక్యం రాయండి: ఈ పేరా ఏం చెప్పబోతోందో. టేబుల్స్ గీసేయండి, అడ్డు వరుసలు, నిలువు వరుసలు, పేర్లు అన్నీ పెట్టి గళ్లు ఖాళీగా వదిలేయండి. ఫిగర్ స్థానంలో ఖాళీ చతురస్రం పెట్టి కింద క్యాప్షన్ పూర్తిగా రాయండి.

ఖాళీ టేబుల్ ముందు కూర్చుంటేనే తెలుస్తుంది, ఫలానా బేస్‌లైన్‌ని (మీ పద్ధతితో పోల్చి చూసే పాత పద్ధతిని) మూడో డేటాసెట్ మీద నడిపే బాధ్యత ఎవరికీ ఇవ్వలేదని. పేజీలు ఎంతవరకు వచ్చాయో కూడా అప్పుడే తెలుస్తుంది.

సరిచూసుకోవడం ఎలా: పేరాల వాక్యాలు మాత్రమే వరుసగా పైకి చదవండి. కథ అర్థమైతే డ్రాఫ్ట్ నిలబడ్డట్టే. మధ్యలో "ఇదెందుకొచ్చింది?" అనిపిస్తే అక్కడ లంకె తెగింది, ఇప్పుడే అతికించండి. ఇంట్రడక్షన్‌లో ఇచ్చిన ప్రతి హామీకీ ఒక టేబులో, ఫిగరో, రుజువో ఎదురుగా ఉందా అని గీతలు గీసి చూడండి.

దశ 6: ప్రతి అంకెకీ పుట్టుక రాసిపెట్టండి

ఇక్కడ కాస్త ఆగి చదవండి. ఉమ్మడి పేపర్లలో అన్నిటికంటే ప్రమాదకరమైన తప్పు ఇక్కడే జరుగుతుంది, పైగా బయటికి కనిపించదు.

నలుగురు నాలుగు కంప్యూటర్ల మీద ఎక్స్‌పెరిమెంట్లు నడుపుతారు. ఒకరు అంకెల్ని మెసేజ్‌లో పంపుతారు, ఇంకొకరు స్క్రీన్‌షాట్ పెడతారు, మూడోవారు నేరుగా టేబుల్‌లో టైప్ చేస్తారు. వారం తర్వాత కోడ్‌లో ఒక బగ్ దొరుకుతుంది. ఇప్పుడు టేబుల్‌లో ఏ అంకె బగ్‌కి ముందుది, ఏది తర్వాతది? ఎవరికీ తెలియదు.

అందుకే ఫలితాల ట్యాబ్. ఒక్కో అంకెకి ఒక్కో వరుస, ఇలా:

"టేబుల్ 2, వరుస 3 | మా పద్ధతి, రెండో డేటాసెట్ | 71.4 | 5 సీడ్‌ల సగటు, విచలనం 0.6 | కోడ్ వెర్షన్: గిట్ కమిట్ సంఖ్య | లాగ్ ఫైల్ ఎక్కడుంది | నడిపినది: ఎవరు | సరిచూసినది: ఇంకెవరు"

సీడ్ అంటే ఎక్స్‌పెరిమెంట్‌లోని యాదృచ్ఛికతని మొదలుపెట్టే సంఖ్య. చివరి రెండు గళ్లలో ఒకే పేరు ఉండకూడదు. సరిచూడటం అంటే లాగ్ ఫైల్ తెరిచి ఆ అంకె అక్కడుందో లేదో కంటితో చూడటం. రెండు నిమిషాల పని. వీలైతే ఇంకో అడుగు ముందుకెళ్లి, లాగ్ ఫైళ్ల నుంచి టేబుల్‌ని తయారుచేసే చిన్న స్క్రిప్ట్ రాసుకోండి. అప్పుడు చేత్తో టైప్ చేసే అంకె ఒక్కటీ ఉండదు, బగ్ దొరికినా మళ్లీ నడిపితే టేబుల్ దానంతటదే మారుతుంది.

ఈ దశలో తరచూ దొర్లేవి ఇంకో మూడు:

ఒక్క సీడ్‌తో వచ్చిన తేడాని గెలుపుగా రాయడం. సీడ్ మారిస్తే ఆ తేడా నిలుస్తుందో లేదో చూడకుండా "మెరుగైంది" అని రాయకండి. ఎన్నిసార్లు నడిపారో పేపర్‌లో చెప్పండి.

బేస్‌లైన్‌కి అన్యాయం. మీ పద్ధతికి యాభై సెట్టింగ్‌లు ప్రయత్నించి, బేస్‌లైన్‌ని డీఫాల్ట్ సెట్టింగ్‌తో వదిలేస్తే రివ్యూయర్ పట్టుకుంటారు. పట్టుకోకపోయినా ఆ పోలిక నిజం కాదు. రెండింటికీ ఒకే శ్రమ పెట్టండి.

టెస్ట్ డేటా చూస్తూ సెట్టింగ్‌లు మార్చడం. ఇందుకోసం వాలిడేషన్ డేటా విడిగా ఉంచి, టెస్ట్ డేటాని చివర్లోనే ముట్టుకోండి. కొత్తగా చేరిన కో-ఆథర్‌కి ఈ మాట నోటితో చెప్పండి, తెలుసులే అనుకోకండి.

ఫలితాల గడువు రోజున ఆ ట్యాబ్‌కి తాళం వేయండి. ఆ తర్వాత "ఇంకొక్క ఎక్స్‌పెరిమెంట్" అని ఎవరు అన్నా, గైడ్ అన్నా సరే, జవాబు ఇది: "రెబటల్‌కి ఉంచుకుందాం సర్." రెబటల్ అంటే రివ్యూలకి ఆథర్లు ఇచ్చే జవాబు. గడువుకి మినహాయింపు ఒక్కటే. ఉన్న అంకె తప్పని తేలితే దాన్ని సరిచేయాల్సిందే, లేదా ఆ హామీనే పేపర్ నుంచి తీసేయాల్సిందే.

దశ 7: ఒకే గొంతుతో రాయండి

విడివిడిగా రాసిన సెక్షన్లని అతికిస్తే ఎవరికి వారే యమునా తీరే అన్నట్టు ఉంటుంది. ఒకే వస్తువుకి ఒక సెక్షన్‌లో 'మాడ్యూల్', ఇంకోదాంట్లో 'బ్లాక్', మూడోదాంట్లో 'లేయర్'. మొదట్లోనే ఒక చిన్న పదాల పట్టిక పెట్టుకోండి: ఏ వస్తువుకి ఏ పేరు, ఏ రాశికి ఏ గుర్తు. గడువుకి 14 రోజులుండగా మొదటి ఆథర్ ఒక్కరే రెండు రోజులు కూర్చుని పేపర్ మొత్తాన్ని మొదటి నుంచి చివరి వరకు తిరగరాయాలి. మిగతావాళ్లు ఆ రెండు రోజులు ఫైల్‌లో కామెంట్లు మాత్రమే పెట్టాలి.

కో-ఆథర్లని పని అడిగే తీరు మీద చాలా ఆధారపడి ఉంటుంది. "అందరూ ఒకసారి చూడండి ప్లీజ్" అని గ్రూప్‌లో పెడితే నాలుగు బొటనవేలి గుర్తులొస్తాయి, పని జరగదు. ఇలా అడిగి చూడండి:

"సెక్షన్ 4లో రెండో టేబుల్ కింద రెండు పేరాలు మాత్రం చదవండి. బేస్‌లైన్ గురించి మనం అన్నది ఆ పేపర్ వాళ్లు చూసినా ఒప్పుకునేలా ఉందా? గురువారం సాయంత్రం 6 లోపు చెబితే చాలు. చెప్పకపోతే ఉన్నదున్నట్టు ఉంచేస్తాను."

చిన్న పని, ఒకే ప్రశ్న, గంటతో సహా గడువు, జవాబు రాకపోతే ఏమవుతుందో కూడా చెప్పేశారు. బిజీగా ఉండే గైడ్‌కి కూడా ఇదే పనిచేస్తుంది, 'సర్' లేదా 'మేడమ్' చేర్చి, కాస్త మెత్తగా. ఒకటికి రెండుసార్లు జవాబు రాకపోతే మూడోసారి మెసేజ్ పెట్టకండి, ఫోన్ చేయండి.

ఇంగ్లిష్ సాఫీగా లేదన్న బెంగతో మొత్తం పేరాలు ఏఐ టూల్‌కి ఇచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. కాన్ఫరెన్స్ నియమం ఒప్పుకుంటే వాక్యాలు దిద్దించుకోండి. రిఫరెన్స్‌లు మాత్రం అడగకండి. అసలు లేని పేపర్లని నిజమైన పేర్లతో సహా అల్లి ఇస్తాయి, అవి పేపర్‌లోకి వెళ్తే బాధ్యత ఆథర్లందరిదీ. రిఫరెన్స్‌ల బాధ్యత తీసుకున్నవారు జాబితాలో ప్రతి పేపర్‌నీ తెరిచి, పేరు, సంవత్సరం, ఎక్కడ అచ్చయిందో చూడాలి. ఆర్కైవ్ వెర్షన్‌ని ఉదహరించిన పేపర్ తర్వాత కాన్ఫరెన్స్‌లో వచ్చి ఉంటే ఆ వివరాలే ఇవ్వాలి.

దశ 8: బయటివాళ్లతో చదివించండి

మీ అంశం కొంచెమే తెలిసిన ఒకరు, రంగం తెలిసిన ఒకరు చాలు. "ఎలా ఉంది?" అని అడగకండి, "బాగుంది" అంటారు. మొదటి పేజీ మాత్రమే ఇచ్చి, చదివాక తిరిగి తీసుకుని, "ఈ పేపర్ ఏం చెబుతోంది?" అని అడగండి. వాళ్లు చెప్పింది దశ 2లో రాసుకున్న వాక్యానికి దగ్గరగా ఉంటే మొదటి పేజీ పనిచేస్తోంది. లేకపోతే మిగతా అన్నీ పక్కన పెట్టి ఆ పేజీని దిద్దండి. ఆ తర్వాతే మొత్తం ఇచ్చి, "రివ్యూయర్‌గా మీరు దీన్ని ఎందుకు తిరస్కరిస్తారు? మూడు కారణాలు చెప్పండి" అని అడగండి.

దశ 9: పేర్లు దాచారా, పీడీఎఫ్ సరిగ్గా ఉందా

డబుల్ బ్లైండ్ రివ్యూ (ఆథర్లూ రివ్యూయర్లూ ఒకరికొకరు ఎవరో తెలియని రివ్యూ) అయితే మొదటి పేజీలో పేర్లు తీసేస్తే సరిపోదు. ఒకరు ఈ చోట్లన్నీ వెతకాలి:

- పీడీఎఫ్ ప్రాపర్టీస్‌లో ఆథర్ పేరు.
- అక్నాలెడ్జ్‌మెంట్స్, గ్రాంట్ నంబర్.
- "మా పాత పేపర్‌లో చూపినట్టు" లాంటి వాక్యాలు. మీ పాత పనిని కూడా వేరేవాళ్ల పనిలాగే, పేరుతో ఉదహరించాలి.
- కోడ్ లింకు. మీ సొంత గిట్‌హబ్, గూగుల్ డ్రైవ్ లింకులు మిమ్మల్ని పట్టిస్తాయి. కోడ్‌ని జిప్ చేసి సప్లిమెంటరీలో పెట్టడం అన్నిటికంటే సురక్షితం.
- ఆ జిప్ లోపల: లైసెన్స్ ఫైల్, కామెంట్లు, దాగి ఉండే గిట్ ఫోల్డర్, "హోమ్ స్లాష్ మీ పేరు" అని మొదలయ్యే ఫైల్ దారులు. ఎక్కువమంది దొరికిపోయేది ఇక్కడే.
- స్క్రీన్‌షాట్లలో మూలన కనిపించే యూజర్ పేరు.

పీడీఎఫ్ విషయానికొస్తే, ఫాంట్లన్నీ ఎంబెడ్ అయ్యాయా చూడండి. పైథాన్ మ్యాట్‌ప్లాట్‌లిబ్‌తో గీసిన ఫిగర్లు మామూలుగా టైప్ 3 ఫాంట్లతో వస్తాయి, కొన్ని కాన్ఫరెన్స్‌లు వాటిని ఒప్పుకోవు. సెట్టింగ్స్‌లో పీడీఎఫ్ ఫాంట్‌టైప్‌ని 42కి మార్చి ఫిగర్లు మళ్లీ సేవ్ చేస్తే సరిపోతుంది. పేపర్‌ని నలుపు తెలుపులో ప్రింట్ తీసి చూడండి: గీతలు ఒకదాన్నుంచి ఒకటి వేరుగా కనిపిస్తున్నాయా? ఫిగర్‌లోని అక్షరాలు కళ్లు చిట్లించకుండా చదవగలుగుతున్నారా? '??' కోసం పీడీఎఫ్‌లో వెతకండి, తెగిపోయిన రిఫరెన్స్‌లు దొరుకుతాయి.

పేజీలు మించితే మార్జిన్లు, వరుసల మధ్య ఖాళీలు కుదించాలనిపిస్తుంది. వద్దు. టెంప్లేట్‌ని మార్చినందుకే చదవకుండా తిరస్కరించవచ్చు. పేరా చివర ఒకటి రెండు పదాలతో మిగిలిన వరుసలు వెతికి, ఆ పేరాల్లో వాక్యాలు బిగించండి. అలా అర పేజీ దాకా దొరుకుతుంది. అప్పటికీ చాలకపోతే ఒక పూర్తి విషయాన్ని అపెండిక్స్‌కి పంపండి. అయితే అపెండిక్స్ చదవాల్సిన బాధ్యత రివ్యూయర్లకి ఉండదు, ప్రధాన ఆధారాన్ని అక్కడికి నెట్టకండి.

దశ 10: ముందు రోజే పంపండి, దింపుకుని చూడండి

చాలా సైట్లు గడువు దాకా ఎన్నిసార్లయినా పీడీఎఫ్ మార్చుకోనిస్తాయి. అలాంటిచోట మూడు రోజుల ముందే ఉన్న వెర్షన్‌ని ఎక్కించండి. ఆఖరి గంటల్లో సైట్ నత్తనడక నడిచినా, ఇంట్లో కరెంటు పోయినా చేతిలో ఒక పేపర్ ఉంటుంది. ఫారంలో ఆథర్ల పేర్లు, వరుస, సబ్జెక్ట్ ఏరియా, కాన్‌ఫ్లిక్ట్ వివరాలు (మీతో సంబంధం ఉన్నందువల్ల మీ పేపర్‌ని రివ్యూ చేయకూడనివాళ్లు) నింపడానికి గంట పట్టవచ్చు, అదీ ఆ రోజే అయిపోవాలి.

ఎక్కించాక సైట్ నుంచి ఆ ఫైల్‌నే మళ్లీ డౌన్‌లోడ్ చేసుకుని తెరవండి. మీ కంప్యూటర్‌లో ఉన్నది చూసి సంతృప్తి పడొద్దు. పాత వెర్షన్, పేర్లున్న వెర్షన్, సప్లిమెంటరీ స్థానంలో పేపర్... ఇలాంటివన్నీ ఇలాగే బయటపడతాయి. బటన్ నొక్కేవారు ఒకరు, డౌన్‌లోడ్ చేసి చూసేవారు ఇంకొకరు. నిర్ధారణ మెయిల్ అందరికీ వచ్చిందా అడగండి.

అప్పటికే ఆలస్యమైపోయి ఉంటే

ఐదు రోజులే ఉన్నాయి, పేపర్ సగంలో ఉంది. అప్పుడు ఈ వరుసలో కాపాడుకోండి: మొదట ప్రధాన టేబుల్‌లోని అంకెల నిజాయితీ, తర్వాత మొదటి పేజీ, తర్వాత పద్ధతిని వివరించే సెక్షన్, ఆపైన పేర్లు దాచడం, తప్పనిసరి సెక్షన్లు. వదిలేయగలిగినవి: అదనపు డేటాసెట్లు, అందమైన ఫిగర్లు, పొడవైన రిలేటెడ్ వర్క్. కొత్త మనిషిని ఈ సమయంలో చేర్చుకోకండి, వారికి వివరించడానికే రెండు రోజులు పోతాయి. అందరూ ఒకేసారి మేల్కొని ఉండొద్దు, వంతులు వేసుకుని నిద్రపోండి. మేలుకున్న మూడో రాత్రి చేసే మార్పులు పేపర్‌ని బాగుచేయడం కంటే చెడగొట్టడమే ఎక్కువ.

పంపిన మర్నాడు

కోడ్, డేటా, పీడీఎఫ్, ఫలితాల షీట్ అన్నిటినీ పంపిన స్థితిలో ఒకచోట భద్రపరచి, గిట్‌లో ఒక ట్యాగ్ పెట్టండి. ఫలితాల గడువు తర్వాత వాయిదా వేసిన ఎక్స్‌పెరిమెంట్ల జాబితా తీసి, క్లస్టర్ ఖాళీగా ఉన్న ఈ రోజుల్లోనే నడపడం మొదలుపెట్టండి. రివ్యూలు వచ్చాక రెబటల్‌కి ఇచ్చే సమయం చాలాచోట్ల వారం అటూ ఇటూ మాత్రమే ఉంటుంది. ఆ తేదీల్లో ఎవరెవరు అందుబాటులో ఉంటారో ఇప్పుడే అడిగి షీట్‌లో రాసుకోండి.